ఆగిన రక్తం తిరిగి పారాక: కాలేయం నుంచి మిగతా అవయవాలకు చేరే హాని

కాలేయానికి కొంతసేపు రక్తం అందకపోతే కాలేయం దెబ్బతింటుంది. దీనిమీద తగవు లేదు. ఆ తర్వాత ఒకటి రెండు రోజుల్లో మూత్రం తగ్గిపోవడం, ఊపిరితిత్తుల్లో నీరు చేరడం, బీపీ నిలవకపోవడం కూడా ఆపరేషన్ థియేటర్లలో, ఐసీయూల్లో వైద్యులు తరచూ చూసేవే. తగవంతా ఈ రెంటినీ ముడిపెట్టే చోట ఉంది. దెబ్బతిన్న కాలేయం నుంచే ఏదో బయల్దేరి మిగతా అవయవాల మీద పడుతోందా? కాలేయానికి రక్తం తగ్గించిన కారణమే వాటికీ తగ్గించిందా? లేక అసలు దోషం పేగులదై, కాలేయం మధ్యలో ఇరుక్కుందా?

రోగి మంచం దగ్గర ఈ తేడా చిన్నదేమీ కాదు. మూలం కాలేయమే అయితే, కాలేయాన్ని కాపాడితే కిడ్నీలు కూడా దక్కాలి. మూలం ఉమ్మడి కారణమైతే, కాలేయానికి ఎంత చేసినా కిడ్నీలకు ఒరిగేది ఉండదు. మందు ఎవరికి, ఎప్పుడు, ఎక్కడ ఇవ్వాలన్నది ఈ జవాబు మీదే ఆధారపడి ఉంది.

వాదం ఇంతగా చిక్కుపడటానికి ఒక కారణం మొదట్లోనే చెప్పాలి. మూడు వేర్వేరు పరిస్థితులను ఒకే పేరు కింద చర్చిస్తున్నారు. కాలేయంలో గడ్డ తొలగించేటప్పుడు రక్తస్రావం కాకుండా సర్జన్ కావాలనే రక్తనాళాలను బిగించడం ఒకటి. మార్పిడి కోసం దాత నుంచి తీసిన కాలేయం గంటల తరబడి చల్లని ద్రావణంలో ఉండి, గ్రహీత శరీరంలో మళ్లీ రక్తం పుచ్చుకోవడం రెండోది. గుండె బలహీనపడో, ఒళ్లంతా ఇన్ఫెక్షన్ పాకో రోగి షాక్‌లోకి వెళ్లినప్పుడు కాలేయానికి రక్తం చాలకపోవడం మూడోది. మొదటి దానిలో నేరుగా దెబ్బ తిన్నది కాలేయం, దానితోపాటు పేగులు. రెండోదానిలో దెబ్బ తిన్న కాలేయం మరొకరిది. మూడోదానిలో శరీరమంతా దెబ్బ తింది. ఒకదాని సాక్ష్యాన్ని మరోదానికి అతికించడం వల్లనే సగం గందరగోళం పుట్టింది.

రెండు దారుల రక్తం

పెద్దవాళ్లలో కాలేయానికి నిమిషానికి సుమారు ఒకటిన్నర లీటర్ల రక్తం చేరుతుంది. గుండె పంపే మొత్తంలో అది దాదాపు నాలుగో వంతు. ఇందులో ముప్పాతిక భాగం పేగులు, ప్లీహం నుంచి పోర్టల్ సిర ద్వారా వస్తుంది. మిగిలిన పావు హెపాటిక్ ధమని తెస్తుంది. సిర రక్తంలో ఆక్సిజన్ తక్కువ కాబట్టి, పరిమాణంలో పావే అయినా ధమని ఆక్సిజన్ అవసరంలో దాదాపు సగం తీరుస్తుంది. సిర ప్రవాహం తగ్గితే అక్కడ అడినోసిన్ పోగై ధమని విప్పారుతుంది. కెనడా శాస్త్రవేత్త వేన్ లాట్ 1980ల మొదట్లో ఈ సర్దుబాటుకు పేరుపెట్టి వివరించారు. పైగా రక్తం తగ్గితే కాలేయం ఉన్నదాంట్లోంచే ఎక్కువ ఆక్సిజన్ పిండుకోగలదు. కాబట్టి బీపీ కాసేపు పడిపోయినంత మాత్రాన కాలేయం చచ్చుబడదు. ఈ సంగతి షాక్ చర్చలో మళ్లీ పనికొస్తుంది.

శరీర నిర్మాణంలో ఇంకో రెండు విషయాలు ఈ వాదానికి ఆయువుపట్టు. కాలేయంలోంచి వెళ్లే రక్తం మహాసిర గుండా గుండె కుడి భాగానికి, అక్కడి నుంచి నేరుగా ఊపిరితిత్తులకు పోతుంది. కాలేయం వదిలిన ఏ పదార్థమైనా మొదట తాకే సన్నని రక్తనాళాల వల ఊపిరితిత్తులదే. మరోవైపు, పేగుల నుంచి వచ్చే రక్తంలోని బ్యాక్టీరియా శకలాలను పట్టి మింగే పని కాలేయంలోని కుప్ఫర్ కణాలది. శరీరంలో ఒకచోట స్థిరంగా ఉండే మింగుడు కణాల్లో అత్యధిక భాగం ఇవే. అంటే దెబ్బతిన్న కాలేయం విషాన్ని వదలనూ గలదు, వచ్చే విషాన్ని ఆపకుండా ఉండనూ గలదు. ఈ రెంటినీ విడదీయడం ప్రయోగశాలలో కూడా సులువు కాదు.

ప్రింగిల్ వేళ్ల నుంచి బ్లిట్జ్ శిథిలాల దాకా

1908లో గ్లాస్గో సర్జన్ జేమ్స్ హోగార్త్ ప్రింగిల్, గాయపడిన కాలేయం నుంచి కారే రక్తాన్ని ఆపడానికి కాలేయంలోకి వెళ్లే రక్తనాళాల కట్టను వేళ్ల మధ్య నొక్కిపట్టే పద్ధతిని ప్రచురించాడు. నేటికీ కాలేయ శస్త్రచికిత్సలో దాన్ని ప్రింగిల్ పద్ధతి అనే అంటారు. ఎంతసేపు నొక్కిపట్టవచ్చన్న ప్రశ్న ఆనాడే పుట్టింది. చాలాకాలం సర్జన్లు నిమిషాలు లెక్కపెట్టుకుంటూ భయపడ్డారు. 1990ల నాటికి మామూలు కాలేయం గంటసేపు కూడా తట్టుకోగలదని తేలింది.

ఒక అవయవానికి జరిగిన దెబ్బ మరో అవయవాన్ని కూల్చగలదన్న ఆలోచన మాత్రం కాలేయం నుంచి రాలేదు. 1941లో లండన్ మీద బాంబులు పడుతున్న రోజుల్లో ఎరిక్ బైవాటర్స్, డెస్మండ్ బీల్ అనే ఇద్దరు, శిథిలాల కింద గంటల తరబడి కాళ్లూ చేతులూ నలిగినవాళ్లు బయటికి తీశాక బాగానే కనిపించి, కొద్దిరోజులకు కిడ్నీలు ఆగి చనిపోవడాన్ని నమోదు చేశారు. కండరం మీద బరువు తొలగి రక్తం తిరిగి పారినప్పుడే విషం బయల్దేరుతుంది. ఆగినప్పటి కంటే తిరిగి పారినప్పుడే దూరాన ఉన్న అవయవానికి ముప్పు అన్న గ్రహింపుకు ఇది బలమైన ఆధారమైంది.

కాలేయానికీ కిడ్నీకీ ఉన్న సంబంధం అంతకుముందే వైద్యులు ఎరిగినదే. ముదిరిన సిరోసిస్‌లో కిడ్నీలు చూడటానికి బాగానే ఉండి పనిచేయడం మానేస్తాయి. 1969లో అలాంటి రోగులు చనిపోయాక వాళ్ల కిడ్నీలను ఇతరులకు అమర్చితే అవి పనిచేశాయి. దోషం కిడ్నీది కాదని అంతకంటే గట్టిగా చెప్పే రుజువు దొరకదు. అయితే ఆ ఉదాహరణను మన ప్రశ్నకు తేలిగ్గా వాడుకోకూడదు. సిరోసిస్‌లో కిడ్నీ రక్తనాళాలు బిగుసుకుంటాయి తప్ప కణాలు పెద్దగా చావవు. రక్తం ఆగి తిరిగి పారాక వచ్చే జబ్బులో, కనీసం ఎలుకల్లో, కిడ్నీ నాళికల కణాలు నిజంగానే దెబ్బతింటాయి.

రక్తం తిరిగి వచ్చిన తొలి గంటల్లో

రక్తం ఆగడాన్ని ఇస్కీమియా అనీ, తిరిగి పారడాన్ని రీపర్ఫ్యూజన్ అనీ వైద్యులు వ్యవహరిస్తారు. ఆగగానే కణంలో ఏటీపీ కరిగిపోతుంది. కణానికి ఇంధనమైన ఆ అణువును 1929లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి వేరుచేసినవాడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా విడిగా దాన్ని కనుగొన్నాడు. కండరం, కాలేయాల్లోని భాస్వర సమ్మేళనాల మీద ఫిస్క్, సుబ్బారావు చేసిన పని లేకుండా ఈ సమీక్షలో సగం వాక్యాలకు అర్థం ఉండేది కాదు.

ఏటీపీ విరిగి చివరకు హైపోజాంథిన్‌గా మిగులుతుంది. ఆక్సిజన్ తిరిగి రాగానే జాంథిన్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ దానిమీద పనిచేసి సూపర్ఆక్సైడ్ అనే చురుకైన ఆక్సిజన్ రూపాన్ని పుట్టిస్తుందని 1981లో గ్రేంజర్, మెకార్డ్ బృందం పిల్లి పేగు మీద ప్రయోగంతో ప్రతిపాదించింది. పదేళ్లపాటు అదే రాజమార్గం అనిపించింది. కాలేయం విషయంలో మాత్రం హార్ట్‌మట్ యెష్కె వంటివారు దాన్ని ప్రశ్నించారు. వారి లెక్కలో తొలి గంటల్లో ఆక్సీకరణ ఒత్తిడికి ముఖ్య కారణం కుప్ఫర్ కణాలు. ఆరేడు గంటల తర్వాత రంగంలోకి దిగి ఎక్కువ నష్టం చేసేవి న్యూట్రోఫిల్స్ అనే తెల్లరక్తకణాలు. ఈ రెండు దశల చిత్రం నేటికీ నిలిచి ఉంది. 2014లో కేంబ్రిడ్జ్ శాస్త్రవేత్తలు, రక్తం ఆగినప్పుడు సక్సినేట్ పోగై, తిరిగి రాగానే మైటోకాండ్రియాలోనే సూపర్ఆక్సైడ్ వెల్లువకు కారణమవుతుందని చూపించి, చర్చను మళ్లీ కణం లోపలికి తీసుకెళ్లారు.

ఇక్కడిదాకా కాలేయం గోడల లోపల జరిగేదే. అసలు వాదం ఆ గోడ దాటాక మొదలవుతుంది.

మొదటి వర్గం: మూలం కాలేయమే

ఈ వర్గానికి పునాది 1990లో మిచిగన్‌లో లీసా కొల్లెట్టి బృందం ఎలుకల మీద చేసిన పని. కాలేయంలో కొన్ని తమ్మెలకు మాత్రమే గంటన్నర రక్తం ఆపి వదిలారు. రక్తంలో టీఎన్ఎఫ్ అనే సైటోకైన్ (మంటను రేపే సంకేత ప్రోటీన్) పెరిగింది. ఊపిరితిత్తుల్లో న్యూట్రోఫిల్స్ గుంపుగా చేరాయి, నీరు చేరింది. టీఎన్ఎఫ్‌ను పట్టేసే యాంటీబాడీలు ముందే ఇస్తే ఊపిరితిత్తుల హాని తగ్గింది. దూరపు హాని, దాన్ని మోసుకెళ్లే పదార్థం, ఆ పదార్థాన్ని ఆపితే హాని తగ్గడం అనే మూడు మెట్లూ ఒకే ప్రయోగంలో దొరకడం అరుదు. ఆ తర్వాత వచ్చిన సాహిత్యం చాలావరకు ఈ నమూనా మీదే నడిచింది.

2005లో పిట్స్‌బర్గ్ బృందం, ఇస్కీమియాకు గురైన కాలేయ కణాలు హెచ్ఎంజీబీ1 అనే కేంద్రక ప్రోటీన్‌ను వదులుతాయనీ, అది అపాయ సంకేతంలా పనిచేసి రోగనిరోధక వ్యవస్థను రెచ్చగొడుతుందనీ చూపించింది. బ్యాక్టీరియా లేకపోయినా ఇన్ఫెక్షన్ లాంటి మంట ఎందుకు రగులుతుందో దీంతో అర్థమైంది. కొలంబియా విశ్వవిద్యాలయంలో హెచ్. థామస్ లీ బృందం 2009లో కిడ్నీ వైపు చూసింది. చిట్టెలుకల్లో కాలేయంలో కొంత భాగానికి రక్తం ఆపి వదిలితే ఒక్క రోజులోనే కిడ్నీ పనితీరును తెలిపే క్రియాటినిన్ పెరిగింది, కిడ్నీ రక్తనాళాల లోపలి పొర కణాలు చనిపోయాయి. కాలేయం ఎంత దెబ్బతింటే కిడ్నీ అంత దెబ్బతింది.

మనుషుల్లో ఈ వర్గానికి దగ్గరి సాక్ష్యం కాలేయ మార్పిడి నుంచి వచ్చింది. మార్పిడి తర్వాత కాలేయ హానిని తెలిపే ఎస్‌జీఓటీ ఎంజైమ్ ఎంత ఎక్కువగా ఎగబాకితే కిడ్నీ దెబ్బతినే అవకాశం అంత ఎక్కువని బర్మింగ్‌హామ్ పరిశీలనలు చెప్పాయి. గుండె ఆగాక అవయవదానం చేసినవారి కాలేయం వెచ్చగా ఉండగానే కొంతసేపు రక్తం లేకుండా గడుపుతుంది. అలాంటి కాలేయం పొందినవారిలో కిడ్నీ సమస్య, బ్రెయిన్ డెత్ దాతల కాలేయం పొందినవారి కంటే ఎక్కువ. నిజానికి మార్పిడిలో ఒక గొప్ప సౌలభ్యం ఉంది: దెబ్బ తగిలింది దాత శరీరంలో, పెట్టెలో. కిడ్నీలు గ్రహీతవి. రెండు చోట్లా ఒకే కారణం పనిచేసిందనడానికి వీలు తక్కువ. అందుకే మనుషుల్లో మొదటి వర్గానికి ఇంతకు మించిన సాక్ష్యం లేదని చెప్పవచ్చు.

అక్కడా ఒక మెలిక ఉంది. కొత్త కాలేయంలోకి రక్తం వదిలిన తొలి నిమిషాల్లో చల్లని, ఆమ్లం నిండిన, పొటాషియం ఎక్కువైన ద్రవం ఒక్కసారిగా గుండెకు చేరుతుంది. బీపీ కూలుతుంది. 1987లో పిట్స్‌బర్గ్ వైద్యులు దీన్ని నిర్వచించారు: రక్తం వదిలిన అయిదు నిమిషాల్లోపు సగటు బీపీ అంతకుముందు ఉన్నదానికంటే 30 శాతం తగ్గి కనీసం ఒక నిమిషం అలాగే ఉండాలి. అలా బీపీ పడటమే కిడ్నీని దెబ్బతీసి ఉంటే? అప్పుడు హాని కాలేయం నుంచే బయల్దేరినా, సైటోకైన్ల దారిలో కాకుండా గుండె మీదుగా వెళ్లినట్టు.

రెండో వర్గం: పేగుల మాట

ప్రింగిల్ పద్ధతిలో పోర్టల్ సిరను బిగిస్తే కాలేయానికి రక్తం ఆగడమే కాదు, పేగుల రక్తానికి బయటికి దారి ఉండదు. పేగు గోడలు ఉబ్బుతాయి, లోపలి పొర దెబ్బతింటుంది. బిగింపు తీయగానే ఆ నిలవ రక్తమంతా ఒక్కసారిగా కాలేయం మీద పడుతుంది. శస్త్రచికిత్స తర్వాత కొందరిలో అమైలేజ్ పెరిగి క్లోమం కూడా నలిగిందని తెలుస్తుంది. కాబట్టి దూరపు హానికి పేగే కారణం అనేది వింత వాదం కాదు.

1986లో కారికో, మీకిన్స్, మార్షల్ వంటి సర్జన్లు బహుళ అవయవ వైఫల్యానికి పేగే ఇంజిన్ అని రాశారు. పేగు గోడ దాటిన బ్యాక్టీరియా పోర్టల్ సిరలో చేరి ఒళ్లంతా పాకుతుందన్నది మొదటి రూపం. 1991లో డెన్వర్‌లో మూర్ బృందం, తీవ్రంగా గాయపడిన 20 మంది పోర్టల్ సిరలో గొట్టం పెట్టి రోజుల తరబడి రక్తం పరీక్షించింది. బ్యాక్టీరియా దాదాపు దొరకలేదు. అయినా వాళ్లలో కొందరికి అవయవాలు విఫలమయ్యాయి. ఒక ఆకర్షణీయమైన సిద్ధాంతాన్ని ఇంత సూటిగా రోగుల్లోనే పరీక్షించడం ఈ రంగంలో చాలా అరుదుగా జరిగింది. ఆ పనికి దక్కాల్సినంత గుర్తింపు దక్కలేదనిపిస్తుంది.

సిద్ధాంతం అక్కడితో చావలేదు, దారి మార్చుకుంది. ఎడ్విన్ డీచ్ బృందం, విషం సిర గుండా కాకుండా పేగుల శోషరసం గుండా ప్రయాణిస్తుందని చూపించింది. శోషరసం మెడ దగ్గర సిరల్లో కలిసి కాలేయాన్ని తప్పించుకుని నేరుగా ఊపిరితిత్తులకు చేరుతుంది. రక్తస్రావ షాక్‌కు గురైన ఎలుకల్లో ఆ శోషరస నాళాన్ని కట్టేస్తే ఊపిరితిత్తులు దక్కాయి.

చివరికి రెండు వర్గాలనూ దగ్గర చేసిన పని 2011లో లీ ప్రయోగశాల నుంచే వచ్చింది. చిన్నపేగులోని పానెత్ కణాలు వదిలే ఐఎల్-17ఏ అనే సైటోకైన్, కాలేయ ఇస్కీమియా తర్వాత కాలేయానికీ కిడ్నీకీ పేగుకూ జరిగే హానిని పెంచుతుందని వాళ్లు కనుగొన్నారు. ఇక్కడ పేగు రక్తం నిలిచిపోయి దెబ్బతినలేదు. కాలేయంలో కొంత భాగానికే రక్తం ఆపారు కాబట్టి పేగు రక్తానికి దారి ఉంది. అయినా పేగు స్పందించింది, ఆ స్పందన తిరిగి కాలేయాన్ని తాకింది. మూలం ఏదన్న ప్రశ్న ఈ ఫలితం ముందు కొంచెం పలచబడుతుంది.

మూడో వర్గం: అందరికీ ఒకే దెబ్బ

ఐసీయూ వైద్యులు ఎక్కువగా ఈ వైపు ఉంటారు. షాక్‌లో ఉన్న రోగికి ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ మామూలు కంటే 20 రెట్లకు పైగా ఎగబాకి, కారణం తొలగితే కొద్దిరోజుల్లోనే వేగంగా దిగిపోతాయి. దీన్ని షాక్ లివర్ అనీ, ఇస్కీమిక్ హెపటైటిస్ అనీ, ఇటీవల హైపాక్సిక్ హెపటైటిస్ అనీ అంటున్నారు. ఇలాంటి రోగుల్లో దాదాపు సగం మంది ఆసుపత్రిలోనే చనిపోతారు. కిడ్నీలు దెబ్బతినడం మామూలు. అయితే చావుకు కారణం సాధారణంగా కాలేయం కాదు, రోగిని షాక్‌లోకి నెట్టిన గుండె జబ్బో సెప్సిసో.

2000లో అమెరికాలో వచ్చిన ఒక పరిశీలన ఈ చర్చకు చాలా ముఖ్యం. ఇస్కీమిక్ హెపటైటిస్ వచ్చిన 31 మందిని, అంతే తీవ్రంగా బీపీ పడిపోయిన గాయాల రోగులతో పోల్చారు. గాయాల రోగులెవరికీ కాలేయం అలా దెబ్బతినలేదు. కాలేయం దెబ్బతిన్నవాళ్లందరికీ ముందే గుండె జబ్బు ఉంది, చాలామందికి కుడి గుండె బలహీనమై కాలేయంలో రక్తం నిలిచిపోయి ఉంది. అంటే లోపలికి రావడం తగ్గడం ఒక్కటే చాలదు, బయటికి పోవడం కూడా అడ్డుపడాలి. కుడి గుండె బలహీనత కిడ్నీ సిరల్లోనూ ఒత్తిడి పెంచుతుంది. అలాంటి రోగిలో కిడ్నీ దెబ్బతింటే కాలేయాన్ని నిందించడానికి ఆధారమేముంది?

కాలేయ శస్త్రచికిత్సలోనూ ఇదే అనుమానం నిలుస్తుంది. రక్తస్రావం తగ్గించడానికి మత్తు వైద్యులు ఆపరేషన్ మధ్యలో సిరల్లో ఒత్తిడిని కావాలనే తక్కువగా ఉంచుతారు. ద్రవాలు తక్కువగా ఎక్కిస్తారు. తర్వాత క్రియాటినిన్ పెరిగితే కారణం బిగింపా, ద్రవాల కొరతా, పోయిన రక్తమా?

మూడు వాదాలనూ పక్కపక్కన పెడితే

ఊపిరితిత్తుల విషయంలో మొదటి వర్గం బలంగా ఉంది. జంతు ప్రయోగాల్లో పదార్థాన్ని గుర్తించారు, ఆపి చూశారు, ఫలితం చూశారు. రక్తం వెళ్లే దారి కూడా ఆ వాదానికి కలిసొస్తుంది. శోషరస మార్గం చూపి రెండో వర్గం దానికి గట్టి పోటీ ఇస్తోంది. కిడ్నీ విషయంలో మార్పిడి రోగుల వరకు మొదటి వర్గానిది పైచేయి. కాలేయాన్ని కోసే శస్త్రచికిత్సల్లో తీర్పు చెప్పలేం. షాక్‌లో మాత్రం మూడో వర్గం మాటే నిలుస్తుంది. గుండె విషయంలో మార్పిడి బల్ల మీద కనిపించే తక్షణ పతనాన్ని మించి, రోజుల తరబడి నిలిచే హాని కాలేయం నుంచి వస్తుందనడానికి మనుషుల్లో సాక్ష్యం పలచన. మెదడుకు కాలేయం పూర్తిగా విఫలమైనప్పుడు అమోనియా వల్ల జరిగే హాని వేరే అధ్యాయం. దాన్ని ఇక్కడ కలపకపోవడమే మంచిది.

ఎలుకల ప్రయోగాల గురించి ఒక మాట గట్టిగా చెప్పాల్సి ఉంది. ఎలుకలో మొత్తం రక్తనాళాల కట్టను ఎక్కువసేపు బిగిస్తే పేగులు ఉబ్బి అది బతకదు. అందుకే సాధారణంగా కాలేయంలో సుమారు 70 శాతానికి మాత్రమే రక్తం ఆపి, మిగతా తమ్మెల గుండా పేగు రక్తానికి దారి వదులుతారు. సర్జన్ చేసే ప్రింగిల్ బిగింపులో అలాంటి దారి ఉండదు. అంటే ఎక్కువగా వాడే జంతు నమూనా, ఎక్కువగా జరిగే మానవ పరిస్థితికి ముఖ్యమైన చోటే భిన్నం. ప్రయోగశాలలో ఇది సుగుణం: కాలేయం పాత్రను పేగు నుంచి విడదీస్తుంది. అదే ఫలితాన్ని ఆపరేషన్ థియేటర్‌కు మోసుకొస్తే అది లోపం. సమీక్షా వ్యాసాల్లో చాలావాటిలో ఈ హెచ్చరిక కనిపించకపోవడం బాధాకరం.

చికిత్సలే పరీక్షలు

సిద్ధాంతం నిజమైతే చికిత్సలో తెలియాలి. కొంతసేపు బిగించి, మధ్యలో వదులుతూ పోవడం మొదటి ప్రయత్నం. 1999లో ఫ్రాన్స్‌లో బెల్గీతి బృందం 86 మంది మీద, ఏకధాటి బిగింపును పావుగంట బిగింపు, అయిదు నిమిషాల విడుపుతో పోల్చింది. మధ్యలో వదిలినవారిలో రక్తం ఎక్కువ పోయినా, ముందే జబ్బు ఉన్న కాలేయాలు మెరుగ్గా తట్టుకున్నాయి. ముందుగా పది నిమిషాలు బిగించి వదిలి, కాలేయాన్ని అసలు బిగింపుకు సిద్ధం చేసే పద్ధతిని పియర్-అలాన్ క్లావియన్ 2000లో, తర్వాత 2003లో జ్యూరిచ్‌లో వందమంది మీద పరీక్షించి, ఎంజైమ్‌లు తక్కువగా పెరిగాయని చూపాడు. తర్వాతి ట్రయల్స్ అన్నీ ఏకీభవించలేదు. మన ప్రశ్నకు సంబంధించిన లోపం ఏమిటంటే, వీటిలో చాలావరకు కొలిచింది కాలేయం ఎంజైమ్‌లనే. కిడ్నీ, ఊపిరితిత్తులు చివరి పట్టికలో ఒక వరుసగా మిగిలాయి.

ఒకే పదార్థాన్ని గురిపెట్టిన మందులు మనుషుల్లో నిరాశ మిగిల్చాయి. ఎలుకల్లో మేలు చేసిన ఎన్-ఎసిటైల్‌సిస్టీన్‌ను మార్పిడి రోగులకు ఇచ్చి యాదృచ్ఛిక ట్రయల్‌లో పరీక్షిస్తే కిడ్నీకి మేలు కనిపించలేదు. సైటోకైన్లు, న్యూట్రోఫిల్స్, అపాయ సంకేతాలు ఒకదానికొకటి ప్రత్యామ్నాయాలు. ఒక దారి మూస్తే మంట మరో దారి వెతుక్కుంటుంది. పైగా ఎలుకకు మందు దెబ్బకు ముందే ఇస్తారు. షాక్‌లో వచ్చిన రోగికి ఆ అవకాశం లేదు.

ఈ రంగంలో గత పదేళ్ల పెద్ద మార్పు పెర్ఫ్యూజన్ యంత్రాలు. తీసిన కాలేయాన్ని మంచులో ఉంచే బదులు, శరీర ఉష్ణోగ్రత వద్ద రక్తంతోనో, చల్లగా ఆక్సిజన్ నింపిన ద్రవంతోనో యంత్రం మీద నడిపిస్తారు. 2018లో యూరప్‌లో 220 మార్పిళ్ల ట్రయల్‌లో వెచ్చని యంత్రం ఎంజైమ్‌లతో కొలిచిన హానిని సగానికి తగ్గించింది. 2021లో నెదర్లాండ్స్ నేతృత్వంలో 156 మంది మీద చేసిన ట్రయల్‌లో చల్లని ఆక్సిజన్ యంత్రం పిత్తనాళాల సంకోచాన్ని 18 శాతం నుంచి 6 శాతానికి, రక్తం వదలగానే బీపీ కూలడాన్ని 27 శాతం నుంచి 12 శాతానికి తగ్గించింది. కిడ్నీ విషయంలో మాత్రం అంత స్పష్టమైన మేలు కనిపించలేదు. ఆ ట్రయల్స్ దాన్ని ప్రధాన ప్రశ్నగా పెట్టుకున్నవీ కావు.

నా దృష్టిలో ఈ మొత్తం వాదానికి ఇదే కీలక పరీక్ష. గ్రహీతలు ఒకలాంటివారే, ఆపరేషన్ ఒకటే, మారింది కాలేయానికి జరిగిన హాని ఒక్కటే. కాలేయం హాని సగానికి తగ్గినా కిడ్నీ హాని తగ్గకపోతే మొదటి వర్గం తన వాదాన్ని మార్పిడిలో కూడా కుదించుకోవాలి. అయితే ఆ తీర్పుకు తొందరపడకూడదు. యంత్రం మీద నడిచేటప్పుడే ఎంజైమ్‌లు కొంతవరకు ద్రవంలోకి కొట్టుకుపోతాయి. అప్పుడు గ్రహీత రక్తంలో ఎస్‌జీఓటీ తక్కువ కనిపించడం హాని తగ్గిందనడానికి పూర్తి రుజువు కాదు.

ఇంకా తేలనివి

కొలమానమే మొదటి చిక్కు. సిరోసిస్ రోగుల్లో కండరం కరిగిపోయి క్రియాటినిన్ ముందే తక్కువగా ఉంటుంది. బిలిరుబిన్ ఎక్కువైతే పరీక్ష లెక్క కూడా తప్పవచ్చు. కిడ్నీ సగం దెబ్బతిన్నా అంకె మామూలుగానే కనిపించగలదు. ఈ లోపం ఉన్న కొలతతో వచ్చిన 'సంబంధం ఉంది', 'సంబంధం లేదు' అనే రెండు రకాల ఫలితాలనూ జాగ్రత్తగా చదవాలి.

రెండోది ఫ్యాటీ లివర్. కొవ్వు పట్టిన కాలేయం ఇస్కీమియాను తట్టుకోలేదని అందరూ ఒప్పుకుంటారు. సన్నని రక్తనాళాలు ఇరుకై, మైటోకాండ్రియా ముందే అలసి ఉంటాయి. దాని నుంచి దూరపు హాని కూడా ఎక్కువేనా అన్నది మనుషుల్లో సరిగా పరిశీలించలేదు. మధుమేహం, ఊబకాయం పెరిగిన తెలుగు ప్రాంతాల్లో దాతల్లోనూ, గడ్డ తొలగించే ఆపరేషన్లకు వచ్చేవారిలోనూ ఇలాంటి కాలేయాలు సర్జన్లకు తరచూ ఎదురవుతున్నాయి.

మూడోది మన దేశం నుంచే జవాబు రాగల ప్రశ్న. పాశ్చాత్య దేశాల్లో ఎక్కువగా చనిపోయిన దాతల కాలేయాలు అమరుస్తారు. భారతదేశంలో మార్పిళ్లలో ఎక్కువ భాగం బతికున్న దాతల నుంచే. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో జీవన్‌దాన్ అవయవదాన పథకం ద్వారా బ్రెయిన్ డెత్ దాతల కాలేయాలు కూడా అందుతున్నాయి. బతికున్న దాత కాలేయం చల్లని ద్రావణంలో గడిపేది చాలా తక్కువసేపు. ఇస్కీమియాయే కిడ్నీ హానికి ప్రధాన కారణమైతే ఇలాంటి గ్రహీతల్లో అది బాగా తగ్గాలి. కానీ ఇక్కడా కిడ్నీ దెబ్బతినడం సాధారణమే. అమర్చిన ముక్క శరీరానికి చిన్నది కావడం, ముందే ఉన్న కిడ్నీ బలహీనత, మార్పిడి తర్వాత వాడే టాక్రోలిమస్ లాంటి మందులు ఇందులో పాలుపంచుకుంటాయి. ఒకే కేంద్రంలో ఒకే బృందం రెండు రకాల మార్పిళ్లూ చేస్తున్న చోట, ఇస్కీమియా సమయం, బీపీ కూలిన నిమిషాలు, ముక్క బరువు, ఆపరేషన్‌కు ముందటి కిడ్నీ స్థితి కలిపి నమోదు చేస్తే, మూడు వర్గాల వాదాలనూ రోగుల్లోనే విడదీసి చూడవచ్చు. అందుకు కావలసిన రోగులు హైదరాబాద్, చెన్నై, ఢిల్లీ ఆసుపత్రుల్లోనే ఉన్నారు. ఒక రోగి వివరాలను మరో ఆసుపత్రి రోగితో పోల్చగలిగేలా అందరూ ఒకే తీరున రాసే రిజిస్ట్రీ కావాలి, అందులో మొదటి వారం రోజుల మూత్రం లెక్క కూడా ఉండాలి.